పుటకూ వేదికకూ నడుమ: కళాశాలలో నాటక విద్య

కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్మృతికి అంకితమైన ఉపన్యాసమిది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఇలాంటి సందర్భాల్లో నాటకరంగపు పాత వైభవాన్ని తలచుకోవడం, ఆ వెంటనే నేటి దుస్థితికి నిట్టూర్చడం మనకు ఆనవాయితీ. ఆ రెండింటినీ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను. డిగ్రీ చదివే విద్యార్థి నాటకాన్ని పాఠ్యవిషయంగా ఎందుకు చదవాలి? చదివితే ఎలా చదవాలి? నా వాదన సూటిగానే చెబుతాను. నాటకం సగం పుస్తకంలో ఉంటుంది, సగం వేదిక మీద ఉంటుంది. తెలుగునాట ఈ రెండు సగాలూ విడిపోయి వేర్వేరు చేతుల్లో పడ్డాయి. పుస్తకం సాహిత్య శాఖల వాటాకు వచ్చింది, వేదిక సమాజాలకూ పరిషత్తులకూ దక్కింది. రెంటినీ ఒకచోట చేర్చగల వీలు, తీరిక, బాధ్యత ఉన్నది కళాశాలకే. అలా చేరినప్పుడు నాటక విద్య నటులను తయారుచేసే శిక్షణగా మిగిలిపోదు. చరిత్రలాగా, భాషాశాస్త్రంలాగా అది కూడా మనుషులను అర్థం చేసుకునే ఒక అధ్యయన పద్ధతి అవుతుంది.

ముందు చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం. కోరాడ రామచంద్రశాస్త్రి ‘మంజరీ మధుకరీయం’ రాసింది 1860 ప్రాంతంలో. తెలుగులో తొలి స్వతంత్ర నాటకంగా సాహిత్య చరిత్రలు దాన్నే పేర్కొంటాయి. అయినా ఆధునిక తెలుగు నాటకరంగం అప్పుడే మొదలైందని ఎవరూ అనరు, 1880 అంటారు. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం ప్రదర్శనలతో రాజమండ్రిలో నాటకాల వేడి పుట్టిన ఆ ఏడాది, వీరేశలింగంగారు రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆయన విద్యార్థులే ఆడారు. వకీళ్ల మోసాలనూ కోర్టు వ్యవహారాల్లోని అవినీతినీ ఎత్తిచూపిన రచన అది. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు ఆయన చేసిన తెలుగు సేత ‘చమత్కార రత్నావళి’ కూడా ఆ కాలంలోనే వేదికెక్కింది. ఆ తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు నడిపిన సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాశారు. విద్యార్థి దశలో టంగుటూరి ప్రకాశం హనుమంతరావు నాయుడు వెంటే ఉండి వేషాలు కట్టారు. రాతప్రతి సిద్ధంగా ఉండి కూడా ఇరవై ఏళ్లపాటు నాటకరంగం పుట్టలేదు. ఒక తెలుగు పండితుడు, ఆయన పాఠం విన్న కుర్రాళ్లు కలిసి నిలబడిన రోజున పుట్టింది. అంటే మన నాటకం బయటి నుంచి బడిలోకి వచ్చిన కాలక్షేపం కాదు, బడిలోంచి ఊళ్లోకి నడిచిన విద్య. వార్షికోత్సవం రాత్రి చివర్లో ఒక అరగంట నాటకానికి కేటాయించి కళను పోషిస్తున్నామనుకునే కళాశాలలు తమ వంశవృక్షాన్ని ఒకసారి చూసుకోవాలి.

రెండో సాక్ష్యం ‘కన్యాశుల్కం’. గురజాడ అప్పారావు విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకులు. ఆ నాటకాన్ని జగన్నాథ విలాసినీ సభ 1892లో విజయనగరంలో ప్రదర్శించింది. పుస్తకం అచ్చయింది 1897లో. మనమందరం చదివేది 1909 నాటి రెండో కూర్పు. అది మొదటిదానికి మెరుగులు దిద్దిన ప్రతి అనడం చాలదు, దాదాపు కొత్త నాటకం. మధురవాణి అందులోనే ఇప్పుడు మనం ఎరిగిన మధురవాణి అయింది. ఈ మార్పులన్నిటికీ తొలి ప్రదర్శనే కారణమని నేను అనను. కానీ వేదిక ముందు, అచ్చు తరువాత, తిరగరాత ఆ పైన అన్న వరుసను మరిచి ఆ నాటకాన్ని నవలలా చదివితే దాని నిర్మాణం చేతికి చిక్కదు. రెండో కూర్పును యథాతథంగా ఆడితే ఒక్క రాత్రికి సరిపోదు. ఎవరు ఆడించినా కోయక తప్పదు. బొంకుల దిబ్బ దగ్గర గిరీశం స్వగతాన్ని ఎంత ఉంచాలి? బైరాగి ఉండాలా? చివరి అంకంలో సౌజన్యారావు పంతులుతో మధురవాణి సంభాషణను తగ్గిస్తే నాటకం సంస్కరణ వైపు మొగ్గుతుందా, సంస్కర్తల మీద వ్యంగ్యం వైపు మొగ్గుతుందా? దర్శకుడి చేతిలోని పెన్సిలు పెట్టే ప్రతి గీతా ఒక విమర్శ తీర్పే. పరీక్షలో గిరీశం పాత్రచిత్రణ మీద పది మార్కుల సమాధానం రాసే విద్యార్థికి ఆ తీర్పు చెప్పవలసిన అవసరమే రాదు. ప్రతిని ఆడడానికి సిద్ధం చేసే విద్యార్థి తప్పించుకోలేడు.

వేదిక ఎత్తిచూపే సంగతులు పుస్తకంలో ఎలా మరుగున పడతాయో ఇదే నాటకం నుంచి ఇంకొక ఉదాహరణ చూడండి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగడతాడు. చదివేవాళ్లకు ఇది కథలో ఒక మెలిక, నవ్వుకుని పుట తిప్పేస్తారు. ఆనాటి ఔత్సాహిక సమాజాల్లో ఆడవేషాలు కట్టింది మగవాళ్లే అన్న విషయం ఇప్పుడు దీనికి చేర్చండి. మధురవాణి వేషం కట్టిన మగవాడిని ప్రేక్షకులు ఆడదని నమ్మాలి. శిష్యుడి వేషం కట్టినవాడు మాత్రం లుబ్ధావధాన్లుకు ఆడపిల్లగా, అదే క్షణంలో ప్రేక్షకులకు మగపిల్లవాడిగా కనిపించాలి. ఒకే వేదిక మీద రెండు ఆడవేషాలు. ఒకటి నమ్మవలసింది, ఒకటి నమ్మకూడనిది. ఆ తేడా గొంతులో చూపాలా, నడకలోనా, చీరకట్టులోనా? నేడు మధురవాణిగా నటి వేస్తే ఈ చిక్కు పోతుంది, దాంతోపాటు ఆనాటి హాస్యంలో ఒక పొర కూడా పోతుంది. శిష్యుడి వేషాన్ని ఒక విద్యార్థినికి ఇస్తే మరో కొత్త పొర చేరుతుంది. స్త్రీ పురుష భేదం ఎంతవరకు ఒంటిది, ఎంతవరకు వేషానిది అన్న పెద్ద చర్చ వేషాలు పంచుకునే దగ్గరే మొదలవుతుంది. భాష సంగతీ అంతే. వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో పాటించిన పాత్రోచిత భాష గురించి పండితులు వ్యాకరణ దృష్టితో వాదించుకున్నారు. చాకలి పేరిగాడి మాటను నోటితో పలికి చూసినవాళ్లకు అది నటుడి ఊపిరికీ ప్రేక్షకుల నవ్వుకూ సంబంధించిన నిర్ణయమని వెంటనే తెలుస్తుంది.

మరి ఈ రెండు సగాలూ ఎక్కడ విడిపోయాయి? సాహిత్య శాఖలు నాటకాన్ని కావ్యాల పక్కన కూర్చోబెట్టాయి. వస్తువు, నాయకుడు, రసం అన్న మూడు శీర్షికల కింద నోట్సు రాయించి పరీక్షకు పంపాయి. వేదిక తన దారిన తాను నడిచింది. పద్యనాటకం రాగాలాపనతో, ‘వన్స్‌మోర్’లతో ఊరూరా జనాన్ని కూర్చోబెట్టింది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలకు ఒక క్రమం తెచ్చింది. ఆ బాటలో ఎన్నో ఊళ్లలో పరిషత్తులు వెలిశాయి. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. పరిషత్తులు లేకపోతే సినిమా వచ్చాక తెలుగు నాటకం బతికేదే కాదు. ఆ రుణం కాదనలేం. కానీ పోటీకి దాని ధర్మం దానికుంది. గంటలోపు ముగిసే నాటిక, నలుగురైదుగురు నటులు, త్వరగా మార్చగల సెట్టు, న్యాయనిర్ణేతలను కదిలించే పతాక సన్నివేశం దానికి కావాలి. బహుమతి ప్రకటించాక ఆ ప్రదర్శన ఎలా తయారైందో రాసిపెట్టే పని ఎవరిదీ కాదు. ఏ సంభాషణ ఎందుకు కోశారు, వెలుగు ఎక్కడ తగ్గించారు, ఏ ఊరి ప్రేక్షకులు ఎక్కడ నవ్వారు అన్న జ్ఞానం ఆ బృందంతోనే ముగిసిపోతుంది. అందుకే ప్రతి తరం మొదటి మెట్టు నుంచే ఎక్కవలసి వస్తోంది. పుస్తకం ఉన్నచోట ఒళ్లు వంచే పని లేదు, ఒళ్లు వంచే చోట పుస్తకం రాసేవాళ్లు లేరు.

విశ్వవిద్యాలయాలు ఈ సంగతి గుర్తించలేదని అనడం అన్యాయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న కె.వి. గోపాలస్వామి నాయుడు కళాశాలల మధ్య నాటక పోటీలను పట్టుదలతో ప్రోత్సహించారు. అక్కడే గ్రంథాలయాధికారిగా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు విశాఖలో ప్రయోగాత్మక ప్రదర్శనలకు దారి వేశారు. తర్వాత అక్కడ రంగస్థల కళల శాఖ ఏర్పడింది. వీధి నాటకానికి పేరుపడ్డ అత్తిలి కృష్ణారావు ఆ వాతావరణంలోనే పనిచేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ప్రదర్శన కళల పాఠశాల వచ్చింది. చాట్ల శ్రీరాములు వంటి దర్శకులు అధ్యాపకులై శిష్యులను తయారుచేశారు. ఇక్కడ లోపం వ్యక్తులది కాదు, నిర్మాణానిది. ఈ చదువు ప్రధానంగా పీజీ స్థాయిలో, మహానగరాల్లో ఉండిపోయింది. బీఏ, బీకాం చదివే విద్యార్థికి నాటకం చదువని తెలిసేసరికి ఆ చదువు తలుపు దాటిపోయి ఉంటుంది. డిగ్రీలో పునాది లేని శాఖ పీజీలో ఎంత గొప్పగా కట్టినా దానికి వచ్చే విద్యార్థులు కొద్దిమందే.

ఇతరులు ఈ పని ఎలా చేశారో చూడడం అవసరం. అమెరికాలోని హార్వర్డులో జార్జ్ పియర్స్ బేకర్ అనే ఆంగ్లాచార్యుడు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో నాటక రచనను తరగతిలో నేర్పడం మొదలుపెట్టాడు. రాసినదాన్ని ఆడి చూడకుండా దిద్దడం కుదరదని గ్రహించి, ‘47 వర్క్‌షాప్’ పేరుతో విద్యార్థుల నాటకాలను ప్రదర్శించే ఏర్పాటు చేశాడు. తరువాతి కాలంలో నోబెల్ అందుకున్న యూజీన్ ఓనీల్ 1914–15లో ఆ తరగతిలో విద్యార్థి. హార్వర్డు నాటకాన్ని పూర్తిస్థాయి చదువుగా గుర్తించడానికి వెనుకాడడంతో బేకర్ 1925లో యేల్‌కు వెళ్లి అక్కడ నాటక శాఖను నిలబెట్టాడు. మన దేశంలో 1959లో ఏర్పడిన జాతీయ నాటక పాఠశాల, 1962 నుంచి 1977 వరకు ఇబ్రహీం అల్కాజీ సారథ్యంలో, సంస్కృత నాటకాన్నీ గ్రీకు విషాదాన్నీ సమకాలీన హిందీ నాటకాన్నీ ఒకే విద్యార్థి చేత చదివించి, సెట్టు వేయించి, నటింపజేసింది. మనకు ఇంకా దగ్గరి పాఠం కర్ణాటకలోని హెగ్గోడు. శివమొగ్గ జిల్లాలోని ఆ పల్లెలో 1949లో మొదలైన నీనాసం, కె.వి. సుబ్బణ్ణ చేతుల్లో పెరిగి, 1980లో నాటక శిక్షణ సంస్థను ప్రారంభించింది. 1985 నుంచి ‘తిరుగాట’ అనే సంచార బృందంతో కన్నడ ఊళ్లను చుడుతోంది. మహానగరం లేకపోయినా నాటక విద్య నిలుస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఆక్షేపణలకు వద్దాం. మొదటిది అందరి నోటా వినిపించేదే: నటన పుట్టుకతో రావాలి గాని తరగతిలో నేర్పితే వస్తుందా? ఈ మాట అనేవాళ్లు సాధారణంగా సురభిని ఉదాహరణగా చూపుతారు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో నాటకాలు మొదలుపెట్టిన ఆ కుటుంబాలు ఏ కళాశాలలో చదివాయని అడుగుతారు. సురభి నిజానికి నా పక్షపు సాక్షి. ఆ పిల్లలు ఊయల నుంచే వేదిక పక్కన పెరిగారు. తెర లాగడం, తీగల మీద మాయలు చూపించడం, హార్మోనియం, రంగుపూత, చివరికి ప్రధాన వేషం అనే క్రమంలో ఏళ్ల తరబడి సాగే శిక్షణ అది. రక్తంలో ఉంది అని మనం తేలికగా అనేది నిజానికి ఒక పాఠ్యప్రణాళిక, కాకపోతే దాన్ని ఇంటి గోడల మధ్య అమలు చేశారు. ఆ ఇంట్లో పుట్టే భాగ్యం లేనివాళ్లకు ఆ చదువు ఎక్కడ దొరకాలి? ఇంత సూక్ష్మంగా నేర్పవచ్చని నమ్మబట్టే భరతుడు ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలను విడదీసి చూపుల్నీ చేతుల్నీ నడకల్నీ వర్గీకరించాడు. అభినవగుప్తుడి వ్యాఖ్యతో నాట్యశాస్త్రాన్ని పరిష్కరించి బరోడా నుంచి వెలువరించిన మానవల్లి రామకృష్ణకవి తెలుగువాడు. దాన్ని తెలుగులోకి తెచ్చిన పోణంగి శ్రీరామ అప్పారావు 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఇంత పని చేసిన జాతి నటన నేర్పడం వీలుకాదని అనడం వింతగా ఉంటుంది. ప్రతిభను తరగతి పుట్టించలేదు, నిజమే. సంగీతంలోనూ గణితంలోనూ కూడా పుట్టించలేదు. ఆ కారణంగా ఆ శాఖలను మనం మూసివేయలేదు.

రెండో ఆక్షేపణ విద్యారంగం లోపలి నుంచి వస్తుంది, కొంచెం బరువైనది కూడా. ప్రదర్శన పదిమంది కలిసి చేసే పని. అందులో ఒక్కొక్కరికి మార్కులు ఎలా వేస్తారు? పరీక్ష పెట్టగానే కళ చచ్చిపోదా? ఈ భయంలో సగం న్యాయముంది. నటనకు నూటికి ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి పరిషత్తు పోటీని తరగతిలోకి తేవడమే అవుతుంది. కానీ కొలవవలసింది ఆ రాత్రి చప్పట్లను కాదు. రిహార్సల్ డైరీ, కోతలకు కారణాలు రాసిన ప్రదర్శన ప్రతి, దీపాల పట్టిక, ఆహార్యం కోసం చేసిన పరిశోధన, తోటివారి పనిపై రాసిన సమీక్ష, చివర మౌఖిక పరీక్ష కొలవదగినవి. రసాయనశాస్త్రంలో ప్రయోగం చెడినా, ఎందుకు చెడిందో సరిగా రాసినవాడికి మార్కులు పడతాయి. చక్కగా విఫలమైన ప్రదర్శనకు కూడా ఇక్కడ అలాగే విలువ ఉండాలి. వృత్తి రంగం వైఫల్యాన్ని భరించలేదు, పోటీ దాన్ని క్షమించదు. చదువు మాత్రమే దాని నుంచి జ్ఞానం తీయగలదు.

మూడోది తల్లిదండ్రుల ప్రశ్న, దాన్ని చిన్నచూపు చూడడానికి వీల్లేదు: ఇది చదివితే కూడు దొరుకుతుందా? నాటకం మీదే బతకడం తెలుగునాట కష్టమన్నది నిజం. తిరుగాట వంటి జీతాల సంచార బృందం మనకు ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అది లేకపోవడం విద్యార్థి తప్పు కాదు, మన సాంస్కృతిక విధానాల లోటు. సినిమా, టీవీ, డబ్బింగ్, రేడియో, బాలల నాటకం, పాఠశాల బోధన వంటి దారులు ఉన్నాయి. అయినా ఆ జాబితా చూపి ఊరుకుంటే నా వాదనను నేనే అమ్ముకున్నట్టు. చరిత్ర చదివినవాళ్లంతా చరిత్రకారులు కారు. కానీ చరిత్ర చదువు వాళ్లకు సాక్ష్యాన్ని తూచడం నేర్పుతుంది. నాటక విద్య నేర్పేది కూడా అంతే కచ్చితమైనది. తనకు నచ్చని మనిషి మాటను ఆ మనిషి కారణాలతో పలకడం, లుబ్ధావధాన్లు లోభాన్ని లోపలి నుంచి అర్థం చేసుకోవడం, ఫలానా తేదీకి ఫలానా వేళకు పదిహేనుమందితో కలిసి పని పూర్తిచేయడం, తన భాషలోని యాసలను వెక్కిరింతగా కాక చెవిపెట్టి వినడం. గుమాస్తాకైనా, న్యాయవాదికైనా, ఉపాధ్యాయురాలికైనా ఇవి వృథాపోయే చదువులు కావు.

నాలుగో ఆక్షేపణ ఎవరూ పైకి అనరు గాని నిర్ణయాలన్నీ దానిమీదే నడుస్తాయి: నాటకమంటే వివాదం, కళాశాలకు ఎందుకీ తలనొప్పి? వివాదం నిజమే. తెలంగాణ రైతాంగ పోరాటం మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో నిషేధించింది. ఈ రెండోదాన్ని చదువు దృష్టితో చూడండి. వేశ్యాలోలత్వాన్ని ఖండిస్తూ రాసిన ఆ నాటకంలో, సుబ్బిశెట్టి సన్నివేశాలు ప్రదర్శనల్లో నటుల సొంత కల్పనలతో, మోటు హాస్యంతో పెరుగుతూ వచ్చాయి. ఒక కులాన్ని కించపరుస్తున్నారన్న ఆవేదన రచయిత ప్రతి మీదా, తర్వాత చేరిన మాటల మీదా, రెంటి మీదా? ఈ మూడింటినీ విడదీసి చెప్పగలిగే ప్రదర్శన చరిత్రకారులు మన విశ్వవిద్యాలయాల్లో తగినంతమంది ఉంటే, నిషేధమా స్వేచ్ఛా అన్న రెండు కేకల మధ్య మూడో స్వరం వినిపించేది. చదువు లేనిచోట వివాదం తగ్గదు. తెలివి తక్కువ వివాదం మిగులుతుంది. ఆడపిల్లల సంగతి కూడా ఇందులోదే. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్లారి రాఘవ పట్టుబట్టిన కాలం దాటి ఎంతో దూరం వచ్చాం. అయినా సాయంత్రం పొద్దుపోయే రిహార్సళ్లు, హాస్టలు గేటు వేళలు కలిసి ఇవాళ్టికీ ఎందరో అమ్మాయిలను వేదికకు దూరం పెడుతున్నాయి. నాటకం సాయంత్రపు సరదాగా ఉన్నంతకాలం ఇది మారదు. పగటి టైంటేబుల్లో పీరియడ్ అయిన రోజున ఆ అడ్డంకి చాలావరకు తనంతట తానే తొలగిపోతుంది.

కనుక నేను కోరేది కొత్త భవనాలను కాదు. బీఏలో తెలుగు గాని, ఇంగ్లీషు గాని చదివే ప్రతి విద్యార్థికి, ఇప్పటికే పాఠ్యప్రణాళికలో ఉన్న ఒక్క నాటకాన్ని ఒక సెమిస్టరులో ఆడి చదివే పేపరు ఉండాలి. మొత్తం నాటకం అక్కర్లేదు. ఒక అంకం చాలు. తెర, దీపాలు లేకపోయినా ఫర్వాలేదు. బల్లలు తొలగించిన తరగతి గది, తెలిసిన దర్శకుడు ఒకరు ఉంటే సరిపోతుంది. ఆ దర్శకుడిని దగ్గరి పరిషత్తు నుంచో, సురభి కుటుంబాల నుంచో అతిథి అధ్యాపకుడిగా గౌరవ వేతనంతో పిలవాలి. డిగ్రీ లేదన్న కారణంతో అనుభవాన్ని గేటు బయట నిలబెట్టే నిబంధన మారాలి. ప్రతి ప్రదర్శన ప్రతినీ రిహార్సల్ డైరీనీ కళాశాల గ్రంథాలయం భద్రపరచాలి. పదేళ్లు గడిచేసరికి, ఒకే నాటకాన్ని శ్రీకాకుళం పిల్లలు ఎలా కోశారో, ఆదిలాబాదు పిల్లలు ఎలా పలికారో పోల్చి చూసే వీలు పరిశోధకులకు దొరుకుతుంది. అలాంటి నిధి మనకు ఇప్పుడు లేదు. దాన్ని కూడబెట్టడానికి డబ్బుకన్నా ఎక్కువగా కావలసింది క్రమం. ఇందులో నుంచి గొప్ప నటులు వస్తే సంతోషమే, రాకపోయినా ప్రయత్నం ఓడిపోయినట్టు కాదు. నాటకం చూసి ఎక్కడ బాగుంది, ఎందుకు బాగుంది అని కారణంతో చెప్పగల ప్రేక్షకులు ప్రతి ఊళ్లోనూ తయారవుతారు. ఏ నాటకరంగమైనా తన ప్రేక్షకుల స్థాయిని మించి ఎక్కువ కాలం ఎదగలేదు. కళాశాల పెంచగలిగింది, పెంచవలసింది ఆ స్థాయినే.